నాలుగు వేళ్ల తేడా

ఆ వేసవంతా మా ఇంట్లో మాట ఎక్కడ మొదలైనా చివరికి ‘ఆ ఎత్తు’ దగ్గరికి వచ్చి ఆగేది. పాలు పొంగిపోయినా అదే, పంపులో నీళ్లు రాకపోయినా అదే. క్రీడా శిక్షణ కేంద్రంలో సీటు రావాలంటే ఆడపిల్లలు హైజంప్‌లో దాటాల్సిన ఎత్తు ఒకటుంది. ఆ అంకె నోటితో అంటే కాళ్లు బరువెక్కుతాయనేది మా అక్క. అందుకని అందరం ‘ఆ ఎత్తు’ అనేవాళ్లం. వేసవి చివర్లో ఎంపిక పోటీలు. మరుసటి ఏడాదికి అక్కకి వయసు దాటిపోతుంది. సీటు వస్తే కేంద్రంలోనే ఉండటం, తిండి, చదువు, కోచ్. రాకపోతే అమ్మ పనిచేసే లాండ్రీలో అమ్మ పక్కనే ఇంకో ఇస్త్రీ బల్ల. ఆ బల్ల అప్పటికే ఖాళీగా ఉందని లాండ్రీ యజమాని రెండుసార్లు కబురు పెట్టాడు కూడా.

మా నాన్న వెల్డరు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేసేవాడు. కొలతలో ఆయనకి తిరుగులేదని వీధంతా అనేది. ఆయన బిగించిన గేటు చిటికెన వేలితో తోస్తే చాలు, కిర్రుమనకుండా వెళ్లి గొళ్లెంలో కూర్చునేది. అలాంటి మనిషికి పెద్దకూతుర్ని కేంద్రంలో చూడాలన్న పిచ్చి పట్టింది. షెడ్డు వెనక ఖాళీ స్థలం చదును చేసి, హైజంప్ స్టాండ్లు తనే తయారుచేశాడు. రెండు నలుచదరపు పైపులు, వాటికి వరసగా బెజ్జాలు, బెజ్జాల్లో గుచ్చే పిన్నులు, పిన్నుల మీద ఆనించే పల్చటి అల్యూమినియం కడ్డీ. ‘ఆ ఎత్తు’ బెజ్జం పక్కన ఎర్ర రంగుతో గీత గీశాడు. అవతల పడటానికి పరుపుల కొట్టువాడు పారేసిన స్పాంజి ముక్కల్ని గోనెసంచుల్లో కుక్కి అమ్మ కుట్టింది. కడ్డీ పడ్డప్పుడల్లా తీసి మళ్లీ పెట్టడం నా ఉద్యోగం. జీతం సున్నా, చీవాట్లు పుష్కలం.

అక్కని వీధిలో కొంగ అనేవాళ్లు. ఆ కాళ్లు చూస్తే ఎవరైనా అదే అంటారు. నేను పొట్టిగా, గుండ్రంగా ఉండేదాన్ని కాబట్టి నాకు బుడంకాయ అని అక్కే పేరు పెట్టింది. ఒకే కడుపున కొంగా బుడంకాయా ఎలా పుట్టాయని అమ్మని ఏడిపించని వాళ్లు లేరు.

వేసవి మొదట్లో నాన్న ఒక డాక్టరమ్మ ఇంట్లో బాల్కనీ గ్రిల్లు బిగించడానికి వెళ్లాడు. ఆవిడ చూసేది జ్వరాలూ దగ్గులూ కాదు, మనసు. పరీక్షలంటే వణికే పిల్లలు, ఆటల్లో చివరి నిమిషంలో తడబడే వాళ్లు ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లు. గ్రిల్లు పని అయ్యేసరికి నాన్నకి ఆవిడ సగం పాఠం చెప్పింది. ఆ సగమే పట్టుకుని ఇంటికొచ్చాడు.

“మనిషి ఎందుకు ఓడిపోతాడో తెలుసా?” అన్నాడు చేతులు కూడా కడుక్కోకుండా.

“వేళకి తిండి తినక,” అంది అమ్మ. “కూర్చో ముందు.”

“నమ్మకం లేక! నేను చేయగలను అని మనసు నమ్మాలట. ఊరికే నమ్మమంటే నమ్మదట అది. ఇంతకుముందు గెలిచిన గుర్తులుండాలి. గెలిచినవాడే మళ్లీ గెలుస్తాడు. పెద్ద గెలుపు కావాలంటే ముందు చిన్న చిన్న గెలుపులు తినిపించాలి. డాక్టరమ్మ చెప్పింది.”

“ఆవిడ గ్రిల్లు సరిగ్గా బిగించావా, పాఠం వింటూ వదిలేశావా?”

“నీతో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయమే.”

అక్క మాత్రం ఆ మాటలు గుటక వేయకుండా వింది. ఆ ఎత్తుని అది అప్పటిదాకా ఒక్కసారి కూడా దాటలేదు. స్కూలు మైదానంలో ప్రతిసారీ నడుమో మడమో తగిలి కడ్డీ పడేది. “గెలిచిన గుర్తు ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు నాన్నా,” అంది. ఆ గొంతులో ఆకలి నాకిప్పటికీ వినిపిస్తుంది.

కొత్త స్టాండ్ల మీద వారం తిరక్కుండానే దానికి ఆ గుర్తు దొరికింది. ఎర్ర గీత దగ్గర కడ్డీ పెట్టాను. అక్క వంపు తిరిగి పరిగెత్తుకొచ్చింది, వీపు తిప్పి గాల్లోకి లేచింది, గోనెసంచుల మీద వెల్లకిలా పడింది. కడ్డీ కదల్లేదు.  నేను పెట్టిన కేకకి పక్కింటి వాళ్లు దొంగలు పడ్డారనుకుని పరిగెత్తుకొచ్చారు. అక్క లేవకుండా అక్కడే పడుకుని రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వింది. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. అది సంతోషమే. ఇప్పటికీ అది సంతోషమనే అంటాను.

కడ్డీ కాస్త కిందుగా ఉందని దానికి అనిపించలేదా అంటే, అనిపించింది. ఆ సాయంత్రం నాతోనే అంది.

“ఒసేయ్ బుడంకాయా, విచిత్రం చూడు. భయం పోయేసరికి కడ్డీ కూడా కిందికి దిగినట్టుందే.”

“అదే నమ్మకం అంటే,” అన్నాడు నాన్న వెనక నుంచి.

ఇంకేం, ఇంట్లో పండగే పండగ. అమ్మ లాండ్రీలో కనబడ్డ వాళ్లందరికీ చెప్పింది. ఖాళీ బల్ల ఇంకెవరికైనా ఇచ్చుకోమని యజమానికి మొహం మీదే చెప్పేసింది. అక్క నడక మారిపోయింది. రోజూ ఎర్ర గీత దాటేది, దాటి నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి వెళ్లేది. నేను తిట్టేదాన్ని కాదు, అంత ముచ్చటగా ఉండేది దాన్ని చూస్తుంటే.

కొన్నాళ్లకి ఒక ఉదయం నేను లేచి పెరట్లోకి వెళ్లేసరికి నాన్న స్టాండ్ల అడుగున పల్చటి ఇనుప పలకలు దూరుస్తున్నాడు.

“అదేంటి నాన్నా?”

“నేల ఎగుడుదిగుడుగా ఉందమ్మా. స్టాండు ఊగుతోంది.”

వెల్డరు మాటకి నేనేం ఎదురు చెబుతాను? ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ ఒక పలక చేరుతూనే ఉండేది. స్టాండు ఊగడం నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆయన కొలత ఆయనది అనుకున్నాను.

ఎండలు ముదిరేసరికి అక్కకి కడ్డీ తగలడం మొదలైంది. మొదట అప్పుడప్పుడు, తర్వాత రోజుకోసారి, తర్వాత దాటిన రోజే తక్కువ. అదే ఎర్ర గీత. మొన్నటిదాకా నవ్వుతూ దాటిన గీత. నేను కడ్డీ పెట్టి పెట్టి భుజాలు నొప్పెట్టేవి. నోరు జారి ఒకసారి, “ఏంటే కొంగా, రెక్కలు అరిగిపోయాయా?” అన్నాను. అది నవ్వలేదు. వెళ్లి సంచుల అంచున కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది.

“నా ఒళ్లు దిగజారిపోతోందే,” అంది. “ఇంకా గట్టిగా పరిగెడుతున్నాను. ఇంకా ఎక్కువ లేస్తున్నాననిపిస్తోంది. అయినా దాటలేకపోతున్నా. అంటే లోపలేదో పాడైపోయినట్టేగా?”

తిండి తగ్గించింది. బరువు వల్లే అని దాని లెక్క. రొట్టె సగం తిని పళ్లెం జరిపేసేది. గుడ్డు పెడితే నాకు తోసేది. అమ్మ పళ్లెం పట్టుకుని వెంటపడేది.

“ఏమయ్యా, కాస్త నువ్వైనా చెప్పు! పిల్ల పుల్లలా అయిపోతోంది.”

“తింటుందిలే,” అని నాన్న షెడ్డులోకి వెళ్లిపోయేవాడు. అంతకు ముందు కూతురు కడ్డీ దాటుతుంటే పని ఆపుకుని మరీ వచ్చి నిలబడే మనిషి, ఇప్పుడు అది పరుగు మొదలుపెట్టగానే వెల్డింగ్ అద్దం మొహానికి దించుకునేవాడు.

చివరికి అమ్మ పోరు పడలేక అక్కని ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెంటపడ్డాను. నాన్న బిగించిన బాల్కనీ గ్రిల్లు దగ్గరే కుర్చీలు వేసింది ఆవిడ. అక్క చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. తింటున్నావా, నిద్రపోతున్నావా, దెబ్బలేమైనా తగిలాయా అని అడిగింది.

“మనిషి ఒక చోటికి చేరాలనుకున్నప్పుడు, దగ్గరవుతున్నానన్న సంగతి కంటికి కనబడుతూ ఉండాలమ్మా,” అంది. “కనబడితే ఇంకా కష్టపడతాడు. కష్టపడేకొద్దీ దూరమవుతున్నానని అనిపిస్తే ఎంత గట్టివాడైనా విరిగిపోతాడు. నీకు అదే జరుగుతోంది. ఎందుకు జరుగుతోందో నాకు అర్థం కావట్లేదు.” తర్వాత నాన్న వైపు తిరిగింది. “ఇంట్లో ఏమైనా మార్చారా? మైదానం, బూట్లు, సాధన చేసే పద్ధతి, ఏదైనా?”

నాన్న గ్రిల్లు మీది వెల్డింగ్ అతుకు ఒకటి వేలితో తడుముతున్నాడు.

“ఏం లేదండి,” అన్నాడు. “అంతా ఎప్పటిలాగే.”

ఆవిడ తనకి తెలిసిన మందు చెప్పింది. ఎగిరే ముందు కళ్లు మూసుకుని, పరుగు నుంచి పడటం దాకా అంతా మనసులో చూసుకోమంది. అక్క ఆ రోజు నుంచి మందు వేళ తప్పని రోగిలా అదే చేసేది. వానొచ్చి మూడు రోజులు నేలంతా బురదైనప్పుడు కూడా గుమ్మంలో కూర్చుని కళ్లు మూసుకుని చూసుకునేది. పోటీలకు ముందు వాన తెరిపిచ్చిన రోజు ఎర్ర గీతకి ఒక బెజ్జం కింద కడ్డీ పెట్టమంది. వరసపెట్టి దాటింది. “పర్లేదు, ఇదైతే ఖాయంగా వస్తుంది,” అనుకుంది తనలో తను.

పోటీల మైదానం పెద్దది. నిజమైన పరుపు, తెల్లటి గీతలు, బల్ల ముందు టోపీ పెట్టుకున్న అధికారి. అమ్మ సెలవు దొరక్క రాలేదు. అధికారి ఆడపిల్లలందర్నీ నిలబెట్టి పద్ధతి చెప్పాడు. ఆ ఎత్తు దాటిన వాళ్లు నేరుగా కేంద్రంలోకి. దాటకపోయినా దాని దగ్గరదాకా వచ్చిన వాళ్లని రెండో జాబితాలో తీసుకుంటారు. కింది ఎత్తులు వద్దనుకుంటే వదిలేసి పైనుంచి మొదలుపెట్టొచ్చు, బలం మిగులుతుంది. కానీ ఎక్కడ మొదలుపెడితే అక్కడ మూడుసార్లూ కడ్డీ పడితే, పేరు పక్కన ఏ ఎత్తూ రాయరు.

“నువ్వు ఎక్కడి నుంచి?” అని అడిగాడు అక్క వంతు వచ్చినప్పుడు.

అక్క వెనక్కి తిరిగి నాన్నని చూసింది. మేం తాడుకి ఇవతల నిలబడి ఉన్నాం.

“నాన్నా, ఆ ఎత్తుకి ఒక మెట్టు కింద నుంచి మొదలెట్టనా? మొన్న వరసపెట్టి దాటినదే కదా. కిందివన్నీ ఎగిరి కాళ్లు అలసిపోవడం ఎందుకు?”

నాన్న నోరు తెరిచాడు. పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. పెదాలు కదిలాయి. అధికారి పెన్సిలు పట్టుకుని చూస్తున్నాడు.

“నీ ఇష్టం తల్లీ,” అన్నాడు.

అక్క గడ్డి మీద పడుకుని, మొహం మీద తువ్వాలు వేసుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు మనసులో ఎగురుతూ ఉండిపోయింది. కింది ఎత్తులు ఒక్కొక్కటే జరిగిపోయాయి. పక్క వీధి నుంచి వచ్చిన పొట్టి పిల్ల ఒకతి కిందా మీదా పడి మూడో ప్రయత్నంలో ఒకటి దాటింది, దాటి ఎగిరి గంతేసింది. అంత తక్కువ ఎత్తుకి అంత సంబరమా అని నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ కడ్డీ వంక చూశాను. తక్కువ ఎత్తులా లేదు. మొన్న వాన తెరిపిచ్చాక మా పెరట్లో నేను పెట్టిన కడ్డీకి కాలి వేళ్ల మీద నిలబడితే నా చేతులు అందాయి. ఈ కడ్డీ పెట్టమంటే నాకు పీట కావాలి.

“నాన్నా, ఇది మొన్న మన పెరట్లో పెట్టినదాని కంటే...”

“నోర్ముయ్,” అన్నాడు నాన్న. ఆయన నన్ను అంత మాట అనడం అదే మొదటిసారి.

అక్క పేరు పిలిచారు. అది లేచి, తువ్వాలు పక్కన పడేసి, ముందు కడ్డీ పక్కకి వెళ్లి నిలబడింది. వాన తెరిపిచ్చిన రోజు ఇంటి దగ్గర ఈ మెట్టులో కడ్డీ దాని ముక్కుకి సరిగ్గా వచ్చింది. అక్క అరచెయ్యి ముక్కు దగ్గర ఆనించి నిటారుగా ముందుకి చాపింది. చెయ్యి కడ్డీ కిందగా వెళ్లిపోయింది. ఇంకోసారి చాపి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా తిరిగి నాన్నని చూసింది.

నాన్న కిందికి వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆయన కాళ్లకున్నవి చెప్పులు.

మొదటిసారి భుజం తగిలి పడింది. రెండోసారి పరుగు మధ్యలో ఆగిపోయింది, మళ్లీ వెనక్కి వెళ్లి పరిగెత్తింది, నడుముతో కడ్డీని లాక్కుని పరుపు మీద పడింది. మూడోసారి మా అక్క ఎగిరిన ఎగురు మళ్లీ ఎవరూ ఎగరడం నేను చూడలేదు. ఒళ్లంతా దాటేసింది. వీపు, నడుము, మోకాళ్లు అన్నీ అవతలే. మడమ ఒక్కటి తాకింది. కడ్డీ కాసేపు ఊగి, పడాలా వద్దా అని ఆలోచించి, పడింది. అధికారి దాని పేరు పక్కన అడ్డగీత గీశాడు. పొట్టి పిల్లకి రెండో జాబితాలో సీటొచ్చింది.

ముగ్గురం ఇంటికి వచ్చాం. అమ్మ గుమ్మంలోనే మా మొహాలు చూసి కూలబడింది. అక్క చెంబుడు నీళ్లు తాగి, నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఎంత తక్కువ పెట్టావు?”

నాన్న తల దించుకునే చెప్పాడు. “మొదట్లో నాలుగు వేళ్లు.”

“తర్వాత?”

“నీకు నమ్మకం కుదిరాక కొంచెం కొంచెం పెంచుదామనుకున్నా తల్లీ. పలకలేసి పెంచుతూనే వచ్చా. నీకు తెలీకుండానే ఆ ఎత్తుకి చేరిపోతావనుకున్నా. ఎగరడంలో నువ్వూ పెరుగుతూనే వచ్చావు. రోజులు చాల్లేదు.”

“పెరుగుతూ వచ్చానా?” అంది అక్క. “నేను పెరుగుతున్నానా అప్పుడు? ఒళ్లు పాడైపోయిందని తిండి మానేశాను కదా నాన్నా. నువ్వు చూస్తూ ఉన్నావు కదా.”

“చెబితే ఉన్న నమ్మకం కూడా పోతుందని...”

“పిల్లకి అరచేతిలో వైకుంఠం చూపించావు కదయ్యా!” అని అమ్మ బావురుమంది. “ఊళ్లో వాళ్ల గేట్లకి వెంట్రుకవాసి తేడా రానివ్వవు. కన్నకూతురికి నాలుగు వేళ్ల తేడా పెట్టడానికి చేతులెలా వచ్చాయి?”

 ఆయన కూతుర్ని మోసం చేద్దామని చేయలేదు, ప్రాణం పెట్టి చేశాడు. నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ చల్లారకపోవడానికి కారణం కూడా అదే. పగవాడు చేస్తే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

అక్క ఏడవలేదు. ఇంకో ప్రశ్న అడిగింది. “ఒక్కటి చెప్పు చాలు. వాన తెరిపిచ్చిన రోజు వరసపెట్టి దాటాను చూడు, ఆ రోజు నిజంగా ఎంత?”

నాన్న వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. ఏదో ఒక అంకె చెప్పేస్తే బాగుండునని నేను లోపల మొత్తుకున్నాను.

“తెలీదమ్మా,” అన్నాడు. “బురదకి స్టాండ్లు పలకలతో సహా నేలలోకి దిగాయి. ఎంత దిగాయో నేను చూసుకోలేదు.”

మర్నాడు ఉదయం ఆయన పలకలన్నీ పీకేసి, ఎర్ర గీత గీకేసి, టేపు పట్టుకుని అక్కని పెరట్లోకి పిలిచాడు. దాని కళ్ల ముందే నేల నుంచి కొలిచి కడ్డీ పెట్టాడు. “ఇప్పుడు సరిగ్గా ఉంది. నువ్వే చూసుకో. ఒక్కసారి ఎగురు తల్లీ, నీ ఎత్తెంతో నీకు తెలుస్తుంది. ఇంకో చోట ఇంకేవో పోటీలుంటాయి, వెతుకుదాం.”

అక్క కడ్డీ వంక కూడా చూడలేదు.

“టేపు కూడా నీదే కదా నాన్నా,” అంది.

కోపంగా అనలేదు. పొద్దున్నే పాలొచ్చాయా అని అడిగినంత మామూలుగా అంది. నాన్న చేతిలోని టేపు దానంతటదే సర్రున డబ్బాలోకి చుట్టుకుపోయింది, ఆయన దాన్ని ఆపలేదు. అక్క జడ వేసుకుని అమ్మతో పాటు లాండ్రీకి వెళ్లిపోయింది. ఖాళీ బల్ల ఎవరికైనా ఇచ్చుకోమన్న మాటని అమ్మ ఏ మొహంతో దిగమింగుకుందో నాకు తెలీదు.

మధ్యాహ్నం వాళ్లకి భోజనం క్యారియరు ఇవ్వడానికి నేను వెళ్లాను. ఆవిరి మధ్యలో అక్క తల వంచుకుని తెల్ల చొక్కా కాలరు మీద పెట్టె నడుపుతోంది. దాని పక్కన మడతపెట్టిన చొక్కాల దొంతర. యజమాని ఒక చొక్కా తీసి వెలుతురుకి పట్టి చూశాడు.

“మొదటి రోజే ఇంత బాగా ఎవరూ చేయలేదమ్మా,” అని అమ్మతో అని, పైవన్నీ సరిచూసి వెళ్లాడు. అమ్మ మొహంలో నిన్నటి నుంచి మొదటిసారి కాస్త వెలుగొచ్చింది.

అక్క ఆయన వెళ్లేదాకా ఆగింది.

“నిజంగానే బాగుందా అమ్మా?” అని అడిగింది. “నా మనసు చిన్నబోకుండా అన్నాడా?”

“నిజంగానేనే పిచ్చిదానా. చూడు, ఎక్కడైనా ముడతుందా?”

అక్క చూసింది. దొంతర పైనున్న చొక్కాని విప్పి, రెండు వైపులా తిప్పి చాలాసేపు చూసింది. నాకైతే ఒక్క ముడత కనబడలేదు. అది చేత్తో నీళ్లు చల్లి, పెట్టె అందుకుని, ఆ చొక్కాని మళ్లీ మొదటి నుంచి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. అది అయ్యాక దాని కింది చొక్కా తీసి విప్పింది.